హెచ్‌ఓఏ మనది, పెత్తనం మేనేజ్‌మెంట్ కంపెనీది: టెక్సస్‌లో ఇల్లున్న తెలుగువాళ్ళకి సమగ్ర మార్గదర్శి

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా, ఆబ్రీ వైపు ఇల్లు కొన్న మనోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా హెచ్‌ఓఏ (హోమ్ ఓనర్స్ అసోసియేషన్, అంటే కాలనీ ఓనర్ల సంఘం) మీద ఇదే గొడవ. అత్తగారు వేసిన ఆనపకాయ పందిరి ఫెన్స్ మీద జానెడు పైకి కనబడిందని ఒకరికి వయలేషన్ లెటర్ (రూలు తప్పారని వచ్చే నోటీసు), చెత్తడబ్బా సాయంత్రానికి లోపల పెట్టలేదని ఇంకొకరికి, డ్యూస్ (సంఘానికి కట్టే చందా) మళ్ళీ పెంచారని అందరికీ. కింద కామెంట్లే కామెంట్లు, వీళ్ళు దొంగలండీ, మోసమండీ అని. తీరా బోర్డు మీటింగ్ నోటీసు వస్తే వెళ్ళేది నలుగురు.

నన్నడిగితే తిట్టాల్సింది ఆ లెటర్ని కాదు, దాని వెనక హెచ్‌ఓఏకీ, దాన్ని నడిపే మేనేజ్‌మెంట్ కంపెనీకీ మధ్య ఉన్న కాంట్రాక్టుని. ఆ కాంట్రాక్టు ఎలా బయటికి లాగాలి, అందులో ఏం చూడాలి, చూశాక ఏం చేయాలి అన్నదే ఇదంతా. ఒకటి ముందే చెప్తున్నా, నేను రాసేది టెక్సస్‌లో విడి ఇళ్ళ సబ్‌డివిజన్ల (కాలనీల) గురించి, వీటికి వర్తించేది టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్. కాండో అయితే 82వ చాప్టర్, రూల్స్ వేరు. వేరే స్టేట్ వాళ్ళు పద్ధతి తీసుకోండి, సెక్షన్లు మీ స్టేట్‌వి చూసుకోండి. నేను లాయర్ని కాదు, ఇంటి మీద లియన్ (బాకీ కోసం ఇంటి మీద పెట్టే హక్కు) దాకా వ్యవహారం వస్తే ఇది చదువుతూ కూర్చోకుండా లాయర్ దగ్గరికి వెళ్ళండి.

అసలు పెత్తనం ఎలా చేతులు మారుతుంది

హెచ్‌ఓఏ అంటే కాగితం మీద మనమే. నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్, ఓనర్లందరూ మెంబర్లు, మెంబర్లు ఎన్నుకున్న ముగ్గురో ఐదుగురో బోర్డు. వాళ్ళకి జీతం ఉండదు, పగలు ఉద్యోగం, రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక ఈమెయిల్ తెరిచే బాపతు. అందుకే పని చేయడానికి ఒక కంపెనీని పెట్టుకుంటారు, అక్కడిదాకా తప్పేం లేదు. కానీ రాన్రానూ ఎజెండా రాసేది కంపెనీ మేనేజరే, మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందన్న రికార్డు) రాసేదీ మేనేజరే, ల్యాండ్‌స్కేపింగ్ కొటేషన్లు తెచ్చేదీ, లాయర్ని చూపించేదీ మేనేజరే, చివరికి బోర్డు మీటింగ్ అంటే వాళ్ళు పెట్టిన కాగితం మీద చేతులెత్తడం అయిపోతుంది. మేనేజర్ చెడ్డవాడు కానక్కర్లేదు, ఒక్కడి నెత్తిన బోలెడు కమ్యూనిటీలు ఉంటాయి, తనకి తేలికైన దారిలో వెళ్తాడు అంతే.

పైన అడిగేవాడు ఉన్నాడా అంటే టెక్సస్‌లో లేడు. ఫ్లోరిడా, నెవాడాల్లో కమ్యూనిటీ మేనేజర్‌కి స్టేట్ లైసెన్స్ కావాలి, ఇక్కడ అక్కర్లేదు, హెచ్‌ఓఏల మీద ఫిర్యాదు తీసుకుని చర్య తీసుకునే స్టేట్ ఏజెన్సీ కూడా లేదు. చట్టం చేసే చోట కంపెనీల బలం ఎంతో చూడాలంటే ఒక్క ఉదాహరణ చాలు, డాలస్ నుంచి దాదాపు రెండు దశాబ్దాలు స్టేట్ సెనేటర్‌గా ఉన్న జాన్ కరోనా, దేశంలోనే అతి పెద్ద హెచ్‌ఓఏ మేనేజ్‌మెంట్ కంపెనీల్లో ఒకటైన అసోసియా అధినేత కూడా. ఆయన తప్పు చేశాడని నేననట్లేదు, కానీ ఆ టేబుల్ దగ్గర మామూలు ఓనర్ తరఫున అంత దగ్గరగా కూర్చున్నది ఎవరో మీరే ఆలోచించండి.

దీని ఫలితం ఎంత దూరం వెళ్తుందో ఫ్రిస్కోవాళ్ళకే బాగా తెలియాలి. 2008లో ఇరాక్‌లో డ్యూటీలో ఉన్న ఒక ఆర్మీ కెప్టెన్ ఇంటిని, వెయ్యి డాలర్లు కూడా లేని డ్యూస్ బాకీ కోసం ఫ్రిస్కోలోని ఆయన హెచ్‌ఓఏ వేలం వేయించింది, మూడు లక్షల డాలర్ల ఇల్లు 3,500 డాలర్లకి పోయింది. ఇంటి మీద లోన్ కూడా లేదు, పూర్తిగా కట్టేసిన ఇల్లు. కోర్టుకెక్కి 2010లో సెటిల్ చేసుకుని ఇల్లు వెనక్కి తెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది, 2011లో, లెజిస్లేచర్ 209వ చాప్టర్‌ని గట్టిగా సవరించింది, మళ్ళీ 2021లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1588 అని ఇంకో పెద్ద సవరణ వచ్చింది. కింద చెప్పే హక్కుల్లో చాలావరకు ఈ రెండిటి పుణ్యమే.

స్టెప్ 1: మీ హెచ్‌ఓఏ జాతకం తీయండి

కంపెనీ పోర్టల్‌తో మొదలుపెట్టొద్దు, అందులో వాళ్ళు చూపించాలనుకున్నదే ఉంటుంది. హెచ్‌ఓఏ డాట్ టెక్సస్ డాట్ గవ్ అని స్టేట్ వెబ్‌సైట్ ఉంది, అందులో మీ సబ్‌డివిజన్ పేరు కొడితే మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ వస్తుంది. అసోసియేషన్ అసలు పేరు, అఫీషియల్ అడ్రస్, కంపెనీ ఎవరు, ఇల్లు అమ్మేటప్పుడు తీసుకునే ఫీజులు ఎంతెంత, అన్నీ అందులో రాయాలి. ఆ అడ్రస్ కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత స్టెప్‌లో మీ లెటర్ వెళ్ళాల్సింది అక్కడికే.

తర్వాత కౌంటీ క్లర్క్ రికార్డులు. కాలిన్, డెంటన్ రెండు కౌంటీలకీ ఆన్‌లైన్ సెర్చ్ ఉంది. డిక్లరేషన్ (కాలనీ మూల నిబంధనల పత్రం, మనవాళ్ళు సీసీఆర్స్ అంటారు), బైలాస్, ఫైన్ పాలసీ, రికార్డుల కాపీ పాలసీ, వీటన్నిటినీ కౌంటీలో రికార్డ్ చేయాలి. 60 లాట్లు (ఇళ్ళ స్థలాలు) గానీ అంతకుమించి గానీ ఉన్నా, లేక మేనేజ్‌మెంట్ కంపెనీ ఉన్నా ఇవన్నీ వెబ్‌సైట్‌లో కూడా మెంబర్లకి పెట్టాలి. లెటర్‌లో రాసిన రూలు అసలు రికార్డయిన డాక్యుమెంట్లో ఉందా లేదా అని వెతికితే ఒక్కోసారి ఆశ్చర్యపోతారు.

స్టెప్ 2: కాంట్రాక్టు అడగండి, అడగాల్సిన పద్ధతిలో

పోర్టల్‌లో మెసేజ్ పెడితే, మేనేజర్‌కి ఈమెయిల్ చేస్తే అది చట్టం లెక్కలో రిక్వెస్టే కాదు. సెక్షన్ 209.005 ప్రకారం సర్టిఫైడ్ మెయిల్ పంపాలి, మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్‌లో ఉన్న అడ్రస్‌కే పంపాలి, ఏ రికార్డు కావాలో వివరంగా రాయాలి, వచ్చి చూసుకుంటారా కాపీలు పంపమంటారా అనేది స్పష్టంగా చెప్పాలి. రిటర్న్ రిసీట్ (అందినట్టు సంతకంతో వెనక్కి వచ్చే పచ్చ కార్డు) తీసుకోండి, అది పారేయొద్దు.

ఏం అడగాలి? అన్నీ పంపండి అని రాస్తే కాపీల బిల్లు వేసి భయపెడతారు. మొదటిసారి నాలుగే అడగండి: ఇప్పుడు నడుస్తున్న మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు, దాని ఫీజు షెడ్యూల్‌తో సహా (షెడ్యూల్ అన్న మాట తప్పకుండా రాయండి, అసలు కాంట్రాక్టు పంపి దీన్ని వదిలేస్తుంటారు), గత రెండేళ్ళ జనరల్ లెడ్జర్ (జమాఖర్చుల పుస్తకం), గత రెండేళ్ళ బోర్డు మినిట్స్, ల్యాండ్‌స్కేపింగ్, పూల్ కాంట్రాక్టులు, వాటికి వచ్చిన మిగతా బిడ్లు.

లెటర్ అందాక పది వర్కింగ్ డేస్‌లో కాపీలన్నా ఇవ్వాలి, ఎప్పుడొచ్చి చూసుకోవచ్చో అన్నా చెప్పాలి, కుదరకపోతే కుదరదని రాతపూర్వకంగా చెప్పి ఇంకో పదిహేను వర్కింగ్ డేస్ తీసుకోవచ్చు, అంతే. కాపీల పాలసీ కౌంటీలో రికార్డ్ చేయకుండా కాపీలకి డబ్బులు అడగడానికి వీల్లేదు. పాత రికార్డులు లేవండీ అనే మాట కూడా వినపడుతుంది, పద్నాలుగు లాట్లు దాటిన హెచ్‌ఓఏ లెక్కల పుస్తకాలు, మినిట్స్ ఏడేళ్ళు దాచాలి, ఏడాదీ అంతకు పైనా కాలపరిమితి ఉన్న కాంట్రాక్టులు ముగిశాక కూడా నాలుగేళ్ళు దాచాలి.

పక్కింటాయన ఎంత బాకీ ఉన్నాడు, ఎదురింటికి ఎన్ని లెటర్లు వచ్చాయి అనేవి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ మొత్తం కమ్యూనిటీకి ఏడాదిలో ఎన్ని వయలేషన్ లెటర్లు వెళ్ళాయి, ఎంత ఫైన్ వసూలైంది అనే టోటల్ అడగొచ్చు.

అసలు జవాబే ఇవ్వకపోతే, కోర్టుకి వెళ్తున్నానని ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, పది వర్కింగ్ డేస్ ఆగి, జస్టిస్ ఆఫ్ ది పీస్ (చిన్న కేసులు చూసే లోకల్) కోర్టులో పిటిషన్ వేయొచ్చు, లాయర్ లేకుండా కూడా. గెలిస్తే రికార్డులు ఇమ్మని ఆర్డరు, కోర్టు ఖర్చులు వస్తాయి. ఓడిపోతే వాళ్ళ ఖర్చు మన మీద పడొచ్చు, కాబట్టి లెటర్ సరిగ్గా రాసుకున్నాకే ఆ మెట్టు ఎక్కండి. నోటీసు లెటర్‌తోనే చాలామందికి పని అయిపోతుంది.

స్టెప్ 3: కాంట్రాక్టులో వేలు పెట్టి చదవాల్సిన చోట్లు

అసలు విషయం ఇక్కడుంది, కాఫీ పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి.

నెలకి ఇంటికి ఇంత అని బేస్ ఫీ ఉంటుంది, మీటింగ్‌లో అందరికీ చూపించేది ఇదే, ఇది తక్కువగానే కనబడుతుంది. తమాషా అంతా వెనక అటాచ్‌మెంట్లో ఉంటుంది. ఒక్కో వయలేషన్ లెటర్‌కి ఇంత, సర్టిఫైడ్ లెటర్ అయితే ఇంకొంచెం, స్టాంపులు, కాపీలు, రాత్రి మీటింగ్‌కి గంటకింత, ఇన్స్యూరెన్స్ క్లెయిమ్‌కి ఇంత, పాత రికార్డులు దాచినందుకు నెలనెలా స్టోరేజీ, బాకీదారుల ఫైల్ లాయర్‌కి పంపినందుకు ఇంత. పెద్ద పని ఏదైనా, అంటే ఫెన్సులు మార్చడమో పూల్ ప్లాస్టరింగో, చేయిస్తే మొత్తం ఖర్చు మీద పర్సెంటేజీ కూడా కొన్నిట్లో ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి, లెటర్ రాసిన ప్రతిసారీ డబ్బులొచ్చే కంపెనీకే ఇళ్ళ చుట్టూ తిరిగి తప్పులు వెతికే పని కూడా అప్పజెప్పాం. ఖర్చు ఎంత ఎక్కువైతే కమిషన్ అంత ఎక్కువొచ్చే కంపెనీనే తక్కువ కొటేషన్ తెమ్మంటున్నాం. మనుషులు ఎంత మంచివాళ్ళైనా, కాంట్రాక్టే ఇలా రాసుకుంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఇక ఇల్లు అమ్మేటప్పుడు వచ్చే డబ్బు. రీసేల్ సర్టిఫికెట్‌కి (ఆ ఇంటి బాకీలు, రూల్స్ గురించి కొనేవాళ్ళ కోసం హెచ్‌ఓఏ ఇచ్చే కాగితం) టెక్సస్‌లో 375 డాలర్లు, దాన్ని అప్‌డేట్ చేయడానికి 75 డాలర్లు, అంతకు మించకూడదని 2021లో లిమిట్ పెట్టారు. కానీ అది కాక ట్రాన్స్‌ఫర్ ఫీ, అకౌంట్ సెటప్ ఫీ, అర్జెంట్ ఫీ అని వేరే పేర్లతో క్లోజింగ్ కాగితాల్లో కనబడతాయి. ఏడాదికి 30 ఇళ్ళు అమ్ముడయ్యే కమ్యూనిటీ అనుకోండి, సర్టిఫికెట్లే 11,250 డాలర్లు. ఈ డబ్బు అసోసియేషన్ ఖాతాకి వస్తోందా, నేరుగా కంపెనీకి పోతోందా అన్నది కాంట్రాక్టులో ఒకే ఒక్క లైన్లో ఉంటుంది. చాలా కాంట్రాక్టుల్లో కంపెనీకే. అంటే బేస్ ఫీ తక్కువ చూపించి మిగతాది ఇక్కడ రాబట్టుకుంటున్నారన్నమాట, ఇల్లు అమ్మేవాడికి ఆ రోజు హడావిడిలో అడిగే ఓపిక ఉండదని వాళ్ళకి తెలుసు.

తర్వాత కాలపరిమితి. ఆటోమేటిక్ రెన్యువల్ ఉందా, ఆపాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలి (60, 90 రోజులు మామూలు), కారణం చూపించకుండా మానిపించొచ్చా, మానిపిస్తే ఎంత కట్టాలి. ఆ నోటీసు తేదీ దాటిపోతే ఇంకో ఏడాది ఇరుక్కున్నట్టే, బోర్డుకి ఆ తేదీ గుర్తుచేసే పని కంపెనీది కాదు కదా, ఎందుకు చేస్తుంది. ఫోన్‌లో మీరే పెట్టుకోండి.

ఆఖరుది, చుట్టరికాలు. ల్యాండ్‌స్కేపింగ్, ఇన్స్యూరెన్స్ ఏజెన్సీ, మెయింటెనెన్స్ సిబ్బంది, వీటిలో ఏదైనా కంపెనీ సొంత అనుబంధ సంస్థా? అయితే ఆ విషయం బోర్డుకి రాసిచ్చారా? 50,000 డాలర్లు దాటే సర్వీసులకి బిడ్లు పిలవాలని సెక్షన్ 209.0052 చెప్తోంది. బోర్డు మెంబర్‌కో వాళ్ళ బంధువుకో కాంట్రాక్టు ఇవ్వాలంటే ఇంకా కఠినం, వేరే బిడ్లు ఉండాలి, ఆ మెంబర్ ఓటు వేయకూడదు. కానీ మేనేజ్‌మెంట్ కంపెనీ తన తమ్ముడి కంపెనీకి పనిస్తే అంత గట్టి రూలు లేదు, అక్కడే కన్నం. కాబట్టి దాన్ని కాంట్రాక్టులోనే రాయించుకోవాలి.

స్టెప్ 4: లెడ్జర్‌తో జత కలపండి

ఎక్సెల్ రాని తెలుగువాడు ఈ ఏరియాలో ఉన్నాడా, పని తేలిక. లెడ్జర్‌లో మేనేజ్‌మెంట్ కంపెనీకి వెళ్ళిన ప్రతి పేమెంటునీ ఒక చోటికి తెచ్చి కూడండి, బేస్ ఫీతో పోల్చండి. ఆ తేడాయే మీరు మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న. రిజర్వ్ ఫండ్ (పెద్ద రిపేర్లకి దాచే నిధి) ఎంత, ఏ బ్యాంకులో, వడ్డీ ఎంత వస్తోంది అన్నది కూడా చూడండి. దాంట్లోంచి రోజువారీ ఖర్చులకి తీస్తుంటే స్పెషల్ అసెస్‌మెంట్ (డ్యూస్ కాక అదనపు వసూలు) దారిలో ఉందని అర్థం.

మయామీ దగ్గర హామక్స్ అనే పెద్ద కమ్యూనిటీలో 2022 నవంబర్‌లో బోర్డు వాళ్ళనే అరెస్ట్ చేశారు, ఇరవై లక్షల డాలర్లకి పైగా దారి మళ్ళించారని ఆరోపణ. అక్కడి ఓనర్లు డ్యూస్ ఎందుకిలా పెరుగుతున్నాయని రికార్డుల కోసం ఏళ్ళ తరబడి పోరాడితేగానీ విషయం అంతదాకా రాలేదు. అంటే తప్పు ఎప్పుడూ కంపెనీదే కాదు, బోర్డుదీ కావొచ్చు, లెక్కలు చూసేటప్పుడు రెండు కళ్ళూ తెరిచే చూడండి.

స్టెప్ 5: ఈలోగా మీకే లెటరొస్తే

పంతానికి పోయి డ్యూస్ ఆపొద్దు. ఇది పెద్దక్షరాల్లో రాసుకోండి. ఫైన్ల కోసం మాత్రమే టెక్సస్‌లో ఇంటిని ఫోర్‌క్లోజ్ చేయలేరు (బాకీ కింద అమ్మించలేరు), డ్యూస్ కోసం మాత్రం చేయగలరు, కోర్టు ఆర్డరుతో. కడితే ఆ డబ్బు ముందు డ్యూస్‌కే జమ చేయాలి, ఫైన్లకి తర్వాత, ఆ వరస చట్టంలోనే ఉంది. కట్టలేని పరిస్థితైతే కనీసం మూడు నెలల పేమెంట్ ప్లాన్ అడగండి, పద్నాలుగు లాట్లు దాటితే ఇవ్వాల్సిందే.

ఫైన్ వేయాలంటే ముందు రాతపూర్వక నోటీసు రావాలి, సరిచేసుకోవడానికి తగిన టైమివ్వాలి, 30 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ అడిగే హక్కుందని అందులోనే రాయాలి. అడగండి. ఎప్పుడూ అడగండి, రాతపూర్వకంగా. అడిగితే హియరింగ్‌కి పది రోజుల ముందు వాళ్ళ ఫోటోలు, కాగితాలు మీకు పంపాలి, పంపకపోతే 15 రోజుల వాయిదా ఆటోమేటిక్. హియరింగ్ అయ్యేదాకా జరిగిన లాయర్ ఖర్చు మీ ఖాతాలో రాయడానికి లేదు. ఇంకో లాభం కూడా ఉంది, పోర్టల్‌లో తలుపేసుకుని కూర్చున్న మేనేజర్‌తో కాకుండా బోర్డు మనుషులతో మొహామొహీ మాట్లాడతారు, చాలా లెటర్ల సంగతి బోర్డుకి అసలు తెలియదని అప్పుడే బయటపడుతుంది.

గుమ్మానికి తోరణం, బయట దేవుడి బొమ్మ లాంటివాటి మీద లెటరొస్తే సెక్షన్ 202.018 చూపించండి, నమ్మకంతో పెట్టుకున్న మతపరమైన వస్తువులకి 2021 సవరణ తర్వాత రక్షణ బాగా పెరిగింది. ఆనపకాయ పందిరికి మాత్రం ఆ సెక్షన్ పనిచేయదు, నేను ట్రై చేయమని చెప్పను.

స్టెప్ 6: మీటింగ్, ఎలక్షన్

మామూలు బోర్డు మీటింగ్‌కి 144 గంటల ముందు, స్పెషల్ అయితే 72 గంటల ముందు నోటీసు ఉండాలి. ఫైన్లు, డ్యూస్ పెంపు, స్పెషల్ అసెస్‌మెంట్, బడ్జెట్ ఆమోదం, ఇవన్నీ ఓపెన్ మీటింగ్‌లోనే జరగాలి, ఈమెయిల్లో నలుగురూ ఓకే అనుకోవడం కుదరదు. మీరు తెచ్చుకున్న మినిట్స్‌లో డ్యూస్ పెంచిన తీర్మానం ఏ తేదీన ఉందో, ఆ మీటింగ్‌కి నోటీసు వెళ్ళిందో లేదో చూడండి.

అరిచి లాభం లేదు. ఒకే ప్రశ్న, కాగితం మీద అంకెతో: బేస్ ఫీ ఇంత, లెడ్జర్‌లో ఇంత, తేడా దేనికి? జవాబు మినిట్స్‌లో రాయమనండి.

నిజమైన మార్పు ఎలక్షన్లోనే. బిల్డర్ చేతిలో ఉన్న కొత్త కమ్యూనిటీల్లో బోర్డంతా బిల్డర్ మనుషులే, మేనేజ్‌మెంట్ కంపెనీని పెట్టేదీ వాళ్ళే, రేపు ఓనర్ల చేతికి వచ్చేసరికి అదే కాంట్రాక్టు వారసత్వంగా వస్తుంది. అయినా 75 శాతం లాట్లు అమ్ముడయ్యాక 120 రోజుల్లోపు కనీసం మూడో వంతు బోర్డు సీట్లకి ఓనర్లే ఓటేసి ఎన్నుకోవాలి. ఇక్కడ 75 శాతం అంటే రాబోయే ఫేజుల్లో లాట్లు కూడా కలిపి, కాబట్టి మీ వీధంతా నిండిపోయింది కదా అని లెక్క వేసుకోవద్దు, డిక్లరేషన్‌లో మొత్తం ఎన్ని లాట్లని ఉందో చూడండి.

100 లాట్లు దాటితే బ్యాలెట్ పంపేముందు పోటీ చేసేవాళ్ళెవరని అందరినీ అడగాలి. డ్యూస్ బాకీ ఉన్నా ఓటు హక్కు పోదు. క్యాండిడేట్, దగ్గరి బంధువులు ఓట్లు లెక్కపెట్టకూడదు, ఫలితం మీద అనుమానముంటే 15 రోజుల్లోపు రీకౌంట్ అడగొచ్చు, ఖర్చు మనదే. యాన్యువల్ మీటింగే పెట్టకపోతే సర్టిఫైడ్ మెయిల్లో డిమాండ్ చేయండి, 30 రోజుల్లో పిలవకపోతే ముగ్గురు ఓనర్లు కలిసి ఎలక్షన్ కమిటీ వేసి, కౌంటీలో నోటీసు రికార్డ్ చేసి, మీటింగ్ తామే పెట్టేయొచ్చు.

మనోళ్ళు ఓడిపోయేది మాత్రం ప్రాక్సీల (మన ఓటు వేరొకరు వేయడానికి రాసిచ్చే కాగితాల) దగ్గర. కోరం (మీటింగ్‌కి కావాల్సిన కనీస హాజరు) కోసం కంపెనీ పంపే ప్రాక్సీ ఫారంలో చాలాచోట్ల పేరు ఖాళీగా వదిలేస్తే అది బోర్డుకి పోయేలా ప్రింట్ చేసి ఉంటుంది, మనం సంతకం పెట్టి పంపేస్తాం, ఇప్పుడున్నవాళ్ళే మళ్ళీ కూర్చుంటారు. సంక్రాంతి పాట్‌లక్‌కి రెండొందల మంది వచ్చే వీధుల్లో యాన్యువల్ మీటింగ్‌కి ఇరవై మంది లేకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇంటింటికీ తిరిగి పేరు రాసిన ప్రాక్సీలు సేకరించండి, తెలుగు ఇళ్ళకే కాదు, రెండిళ్ళవతల ఉన్న టెక్సస్ తాతగారి దగ్గరికి కూడా వెళ్ళండి, ఆయనకి మనకంటే ఎక్కువ కోపం ఉంటుంది ఈ కంపెనీ మీద.

స్టెప్ 7: బోర్డులో కూర్చున్నాక

మొదటి మీటింగ్‌లోనే కంపెనీని తీసేస్తామని ప్రకటించొద్దు, రికార్డులన్నీ వాళ్ళ కంప్యూటర్లలోనే ఉన్నాయి. ముందు బ్యాంకు ఖాతాల మీద సంతకం చేసే అధికారం బోర్డు మెంబర్లకి ఉండేలా చూడండి, స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి నేరుగా ట్రెజరర్‌కి రావాలి. ఓనర్ల లిస్టు, లెడ్జర్, వెండర్ కాంట్రాక్టులు, ఇన్స్యూరెన్స్ పాలసీలు, గేటు కోడ్లు, వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరున ఉందో, అన్నీ కాపీ తీసి అసోసియేషన్ సొంత డ్రైవ్‌లో పెట్టండి. అసోసియేషన్ లాయర్ కంపెనీ చూపించినవాడైతే ఈ ఒక్క పనికి బయటి లాయర్‌తో కాంట్రాక్టు చదివించండి.

అప్పుడు మూడు కంపెనీల్ని బిడ్లు అడగండి, ఇప్పుడున్న కంపెనీతో సహా. అడిగేటప్పుడే షరతులు పెట్టండి: లెటర్‌కింత అని కాకుండా అన్నీ కలిపి ఒకే నెలసరి ఫీ, పెద్ద పనుల మీద పర్సెంటేజీ ఉండకూడదు, అనుబంధ సంస్థలుంటే ముందే రాసివ్వాలి, 60 రోజుల నోటీసుతో కారణం లేకుండా మానిపించే హక్కు, ట్రాన్స్‌ఫర్ ఫీజులు అసోసియేషన్ ఖాతాకి, మానేసిన పది రోజుల్లో రికార్డులన్నీ తెరవగలిగే ఫైళ్ళుగా అప్పగించాలి. బేస్ ఫీ కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి, డ్యూస్ లెక్కలో కనబడే ఖర్చు మంచిది. ఒక్కోసారి ఈ లిస్టు చూడగానే పాత కంపెనీయే దిగొచ్చి ఒప్పుకుంటుంది, అప్పుడు మార్చాల్సిన అవసరం కూడా ఉండదు. మార్చేటట్టయితే డ్యూస్ బిల్లులు వెళ్ళే నెలలో మాత్రం పెట్టుకోకండి, సగం మంది పాత పోర్టల్‌లో కట్టేసి కూర్చుంటారు, ఆ డబ్బు ఇటు లాక్కురావడం ఇంకో పెద్ద పని.